మెల్లగా నడవని బండి

మా ఆయన కారుకు బలం ఎక్కింది. వచ్చిన చిక్కంతా అదే.

కారంటే కొత్తదేమీ కాదు. మా మామగారు గంగాధరం శెట్టిగారు నందికొట్కూరులో బట్టల అంగడి పెట్టి, నాలుగు పండగలు బేరం బాగా జరిగాక కొన్న తెల్ల అంబాసిడర్. పెట్రోలు బండి. ఆయన పోయాక అంగడీ కారూ రెండూ మా ఆయన సుదర్శన్ చేతికి వచ్చాయి. అంగడిని ఎలా చూసుకుంటున్నాడో గిరాకీలను అడగాలి. కారును మాత్రం కంటికి రెప్పలా చూసుకుంటాడు. అందులో సగం శ్రద్ధ నా మీద పెట్టి ఉంటే నేను ఈపాటికి ఇంకాస్త ఒళ్లు చేసేదాన్ని.

ఆ కారుకు మా ఊళ్లో ఒక ఉద్యోగం ఉంది. ఏ ఇంటి ఆడపిల్లయినా పెళ్లయి అత్తారింటికి పోయే రోజు ఇంటి ముంగిట ఆ కారెక్కాలి. ముందు బ్యాండు మేళం, చుట్టూ చుట్టపక్కాలు, మధ్యలో మనిషి నడక కన్నా మెల్లగా కారు. అలా బజారంతా మెరవణి సాగి ఊరి చివర కాలువ వంతెన దగ్గర ఆగుతుంది. అక్కడ మగపెళ్లివారి బండి ఎక్కి పిల్ల వెళ్లిపోతుంది. అడిగినవాళ్లకు లేదనకూడదని మా మామగారు పెట్టిన కట్టుబాటు. కులమూ మతమూ చూడలేదు, పెట్రోలు కూడా తనే పోయించేవాడు. ఊళ్లో సగం మంది ఆడవాళ్లు ఆ వెనక సీట్లో కూర్చుని ఏడ్చినవాళ్లే. నేను కోడలిగా వంతెన దగ్గర ఎక్కి ఇటు వచ్చినదాన్ని కాబట్టి ఏడవలేదు. ఎండకు ఉడికిపోతూ, ఎప్పుడెప్పుడు దిగుదామా అని చూశాను.

ప్రతి మెరవణిలోనూ కారుకు ఎడమ పక్కన, బానెట్ మీద ఒక అరచేయి ఆనించి నడిచే మనిషి జిలాని బాషా. బస్టాండు వెనక ఆయన మెకానిక్ షెడ్డు. మా ఆయనా అతనూ చిన్నప్పుడు ఒకే బెంచీ మీద కూర్చుని చదువుకున్నారు, ఒకేసారి మానుకున్నారు. అంత మెల్లగా, మన ఎండల్లో పోతే పాత ఇంజను వేడెక్కుతుంది. అందుకని బాషా ఒక చేత్తో వేడి చూసుకుంటూ, ఇంకో చేత్తో నీళ్ల క్యాను మోసుకుంటూ వంతెన దాకా నడిచేవాడు. ఎంతమంది ఇళ్ల పిల్లలను అలా సాగనంపాడో ఆయనకే తెలియదు.

ఆయనకు ఒక్కతే కూతురు, షమా. అది ఉయ్యాల్లో ఉన్నప్పటి నుంచీ బాషా ఒకే మాట అనేవాడు. "నా బిడ్డ పెండ్లికి మాత్రం క్యాను ఎవురన్నా పట్టుకోండప్పా. నేను ఇంజను మొగం చూడను. బిడ్డ పక్కనే నడుస్తా, వంతెన దాకా."

మరి ఇంత మెత్తని పని చేసుకునే కారుకు బలం ఎందుకు కావలసి వచ్చిందంటే, నా తమ్ముడి నోటి దురుసు వల్ల. తేజేశ్వర్ కొత్తగా ఒక పెద్ద కారు కొన్నాడు. రెండు కార్లలో శ్రీశైలం బయలుదేరాం. ఆత్మకూరు దాటి నల్లమల ఘాటు మొదలయ్యేసరికి మా బండి రెండో గేరులో మూలగడం మొదలుపెట్టింది. వాడు హారన్ కొట్టి మమ్మల్ని దాటేశాడు. మేము పైకి చేరేసరికి కారు నీడలో నిలబడి జామకాయ తింటున్నాడు.

"ఏం బావా, తోసుకుంటా వచ్చినారా?" అన్నాడు.

నాకు నవ్వొచ్చింది. నవ్వకుండా ఉండాల్సింది. దర్శనం అయ్యి ఇంటికొచ్చేదాకా మా ఆయన నాతో మాట్లాడలేదు.

మర్నాడు పొద్దున్నే షెడ్డుకు పోయాడు. బాషా ఇంజను విప్పి చూసి క్యామ్ షాఫ్టు అరిగిపోయిందన్నాడు. ఆ మాట నాకు కొత్త. తర్వాత భోజనాల దగ్గర వేరే మాటే లేకపోవడంతో నేర్చుకోక తప్పలేదు. ఇంజను లోపల ఒక ఇనుప కడ్డీ తిరుగుతూ ఉంటుంది, దాని మీద అక్కడక్కడా ఉబ్బులుంటాయి. ఆ ఉబ్బు వచ్చి తోసినప్పుడు వాల్వు తెరుచుకుని గాలీ పెట్రోలూ లోపలికి పోతాయి. ఉబ్బును పెద్దది చేస్తే వాల్వు ఎక్కువ తెరుచుకుంటుంది, ఎక్కువసేపు తెరుచుకుంటుంది. ఇంజను పైనున్న మూత, అంటే సిలిండర్ హెడ్డు, దానిలోని దారులు కూడా వెడల్పు చేస్తే ఇంకా గాలి. గాలి ఎంతో బలం అంత.

అరిగినదాని చోట మామూలుది వేసి ఊరుకోవచ్చు. బాషా మా ఇంటికి వచ్చి, టీ తాగుతూ, నాతో చెప్పాడు.

"వదినా, ఇన్నేండ్లూ నేను చేసిందేంది చెప్పు. చెడిపోయిందాన్ని మునుపు ఎట్లుండెనో అట్ల చేసిస్తి. అంతే గదా. దాని పుట్టుక కంటే బాగా ఒక్క ఇంజనన్నా చేసినానా? నడుము వంగుతాలేదు. షమా పెండ్లయితానే షెడ్డు మూసేస్తా. అంతలోపల ఒక్కటి చెయ్యల్లని ఉండాది."

ఎప్పుడూ ఏదీ అడగని మనిషి. "చెయ్యి బాషా, మీ అన్న వద్దంటే నేను చూసుకుంటా" అన్నాను. ఆయన వద్దనే మనిషి కాడని ఇద్దరికీ తెలుసు.

షాఫ్టు కోయంబత్తూరు నుంచి వచ్చింది. అక్కడ పందెం కార్లకు పని చేసేవాళ్లున్నారట. హెడ్డును కర్నూలు లేతు పనివాళ్ల దగ్గరకు తీసుకుపోయి కింద కాస్త చెక్కించి, పెద్ద వాల్వులు పట్టేలా తొలిపించారు. లోపలి దారులను మాత్రం బాషా ఎవరికీ ఇవ్వలేదు. షెడ్డు ముందు స్టూలు వేసుకుని, వేలికి ఎమిరీ కాగితం చుట్టుకుని, రోజుల తరబడి రుద్దాడు. అన్నం తీసుకుపోయిన అబీదా బీకి "వేలు పెట్టి చూడు, ఎంత నున్నగా ఉండాదో" అని చూపించేవాడట. అబీదా బీ ఆయన భార్య. "కాపురానికి వచ్చిన కొత్తలో కూడా ఈయప్ప ఇంత మురిసిపోలేదు" అని నాతో అన్నది.

బండి తయారైంది. మా ఆయన వెళ్లి తేజేశ్వర్‌ను బతిమాలి మళ్లీ శ్రీశైలం బయలుదేరదీశాడు. నేను వెనక సీట్లో, బాషా ముందు సీట్లో. ఘాటు మొదలవగానే మా ఆయన కాలు నొక్కాడు. అంతకు ముందు మూలిగిన చోట కారు గొంతు విప్పింది. వేరే మాట నాకు తోచడం లేదు. లోపలినుంచి ఒక నిండు మోత లేచి, మలుపు మలుపుకీ పెరుగుతూ పోయింది. తమ్ముడి కారు వెనకబడింది. నాకు సంతోషం పట్టలేదు, తోబుట్టువని కూడా చూడకుండా కిటికీలోంచి చేయి ఊపాను. బాషా మాత్రం కళ్లు మూసుకుని వింటున్నాడు. పైకి చేరాక దిగి, అటు తిరిగి, తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. చెమట కాదది.

ఇంత ఆనందంలో మా ముగ్గురికీ ఒక్క సంగతి తట్టలేదు. ఘాటు మేము ఏడాదికోసారి ఎక్కుతాం. మెరవణి పెళ్లిళ్ల కాలంలో వారం వారం ఉంటుంది.

అది పురుగుమందుల అంగడి వీరభద్ర కూతురి పెళ్లప్పుడు బయటపడింది. ముందు చిన్న ఈరన్న బ్యాండు మొదలైంది. మా ఆయన మొదటి గేరు వేసి, ఎప్పటిలాగే మెల్లగా కదిలించాడు. కారు ఒక్క గెంతు గెంతింది. పెళ్లికూతురి తల ముందు సీటుకు తగిలింది. ఆగింది. మళ్లీ స్టార్టు చేస్తే దగ్గింది, ఊగింది, ఇంకో గెంతు గెంతి మళ్లీ ఆగింది. బ్యాండువాళ్లు వెనక్కి చూడకుండా ఊదుకుంటూ పాత బస్టాండు దాటి పోయారు. చుట్టాలు సగం మంది వాళ్ల వెంట, సగం మంది కారు చుట్టూ. క్లచ్ కాలిన వాసన, పొగలు. పెళ్లికూతురు ఏడవాలా నవ్వాలా తెలియక అమ్మమ్మ వైపు చూస్తోంది. చివరికి వీరభద్ర తమ్ముడి జీపులో పిల్లను వంతెనకు చేర్చారు.

 

బాషా కారును షెడ్డుకు తోయించుకుని పోయి, ఉన్న మరలన్నీ తిప్పి చూశాడు. రెండు రోజుల తర్వాత మా అంగడికి వచ్చి చెప్పాడు. "అది చెడిపోలేదప్పా. దాని గుణమే అంత. వాల్వు శానాసేపు తెరుచుకోనుంటాది. పరిగెత్తేటప్పుడు అది కావల్ల. మెల్లగా నడిస్తే ఊపిరి అందదు. నేను దాన్ని పరిగెత్తేదానికే చేస్తి."

"చేస్తే చేస్తివి లేప్పా. మెరవణులకు ఇంకో బండి చూసుకుంటారు జనం" అన్నాడు మా ఆయన.

"జనం చూసుకుంటారు. నా బిడ్డ?"

వచ్చే నెలలోనే షమా పెళ్లి. పెళ్లికొడుకు దావూద్‌ది కడప, కరెంటు సామాన్ల అంగడి, నెమ్మదస్తుడు. తేజేశ్వర్ చెంపలేసుకుని తన కొత్త కారు ఇస్తానన్నాడు. బాషా ఒప్పుకోలేదు. ఊరందరి పిల్లలూ ఎక్కిన బండి తన పిల్ల ఎక్కకపోవడమేమిటన్నాడు. మామూలు షాఫ్టు, పాత హెడ్డు మళ్లీ బిగించేస్తానన్నాడు. కానీ పాత హెడ్డు ఎక్కడుంది? చెక్కిన ఇనుమును తిరిగి అతికించలేం కదా. కర్నూలులో, కడపలో, ప్రొద్దుటూరులో పాత సామాన్ల అంగళ్లన్నీ తిరిగి, ఎవరో ముక్కలుగా అమ్మేసిన బండిదొకటి పట్టుకొచ్చాడు.

ఇక్కడ మా ఆయన మొండికేశాడు. "నా బండి, నేను తియ్యనియ్య" అన్నాడు. "నా బిడ్డ కంటే ఎక్కువనా నీకు?" అని బాషా. "ఎక్కువ బండి కాదప్పా, దాంట్లో నీ కష్టం" అని ఈయన. ఇద్దరూ ఎదుటివాడి కోసమే కొట్లాడుకున్నారు, ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా. నాకు ఒళ్లు మండింది. బాషా మీద జాలీ వేసింది. బతుకంతటికీ తను మెచ్చుకున్న ఒకే ఒక్క పని, దాన్ని తన చేత్తోనే విప్పెయ్యాలి. లేదంటే ఇరవై ఏళ్లకు పైగా ఎదురుచూసిన ఆ నడక వదులుకోవాలి. ఏది పోయినా ఆ మనిషి లోపల ఏదో పోతుంది.

పెళ్లి బట్టలకని అబీదా బీ, షమా మా అంగడికి వచ్చిన రోజు బాషా కూడా పానాల సంచీ భుజాన వేసుకుని వచ్చాడు. "తాళం చెవి ఇయ్యి శెట్టీ. ఈ పొద్దు విప్పుతాండా" అన్నాడు. ఆ గొంతులో ఇక వాదన లేదు. మా ఆయన గల్లా సొరుగు తెరిచి తాళం చెవి తీశాడు గానీ, ఇవ్వడానికి చేయి రాలేదు.

షమా చేతిలోని ఎర్ర పట్టు అలాగే వదిలేసి లేచింది. డిగ్రీ చదివిన పిల్ల, మాట తక్కువ.

"నాయినా, ఎందుకు విప్పుతాండావు?"

"నీ మెరవణికి తల్లీ. అది మెల్లగా నడవదు. నడిస్తే గదా నేను నీ పక్కన వచ్చేది."

"బండి నడవకపోతే ఏమాయ? నేను నడుస్తా."

మా అంగట్లో బట్టలు చూస్తున్న వేరే ఆడవాళ్లు కూడా తలలెత్తారు.

"మనమిద్దరం వంతెన దాకా నడుద్దాం. బండి ఆడ నిలబెట్టుకోనుండమను శెట్టి మామను. ఆడ ఎక్కుతా. ఆన్నుంచి ఎంత బిర్న పోతాదో పోనీ."

అబీదా బీ చేతిలో చీర కింద పడేసి నా వైపు తిరిగింది. "పెండ్లికూతురు బజార్లో కాళ్లతో నడిచి పోతాదంట! విన్నావా పద్మప్రియక్కా? నలుగురూ ఏమనుకుంటారు?"

"నలుగురూ నాతోనే నడుస్తాంటారు గదమ్మా. యాడ నిలబడుకోని అనుకుంటారు?" అంది షమా.

నాకు నవ్వు ఆగలేదు. ఈసారి నవ్వినందుకు ఎవరూ అలగలేదు. అబీదా బీ మాత్రం తగ్గలేదు. దావూద్ వాళ్లు ఒప్పుకోరని, మసీదు దగ్గర పెద్దమనుషులు ముఖం చిట్లిస్తారని, ఎండకు పిల్ల కమిలిపోతుందని చెప్పుకుంటూ పోయింది. షమా అక్కడే ఫోను తీసి దావూద్‌కు చేసింది. నాలుగు మాటలు మాట్లాడి, స్పీకరు పెట్టి తల్లి ముందుకు చాచింది.

"నడుద్దాం లేత్తా. నేను కూడా నడుస్తా" అన్నాడు దావూద్. "కానీ మామ చేసిన ఆ బండి గురించి ఇంత చెప్పినారు. వంతెన దగ్గర మా బండి ఎక్కేది లేదు. కడప దాకా అందులోనే."

అబీదా బీ కింద పడిన చీర తీసి మడత పెట్టింది. అల్లుడి మాట కదా. బాషా పానాల సంచీ భుజం మీంచి దించి మా అరుగు మీద పెట్టాడు, పెట్టి దాని పక్కనే కూర్చుండిపోయాడు. కాసేపటికి మంచినీళ్లు అడిగాడు.

పెళ్లి శుక్రవారం. నమాజు తర్వాత నిఖా అయ్యి, భోజనాలు ముగిసి, ఎండ కాస్త తగ్గాక పిల్లను బయటికి తీసుకొచ్చారు. మేనమామ తల మీదుగా ఖురాన్ ఎత్తి పట్టుకుంటే దాని కింద నుంచి వంగి గడప దాటింది. బయట కారు లేదు. మామూలుగా కారుండే చోట బాషా నిలబడి ఉన్నాడు, ఇస్త్రీ చొక్కాతో.

బ్యాండు మొదలైంది. నడిచారు. నేను ఎన్నో మెరవణులు చూశాను, అందులో పెళ్లికూతురు ఎప్పుడూ అద్దం వెనకాలే. ఈసారి ఆమె అందరి మధ్యా ఉంది. మిద్దెల మీది ఆడవాళ్లు కిందికి దిగి వచ్చి, చేతులు పట్టుకుని మాట్లాడి పంపుతున్నారు. పూలంగడి ముసలామె పరిగెత్తి వచ్చి మూర పూలు తురిమి పోయింది. వీరభద్ర తన అంగడి ముందు అందరికీ మజ్జిగ పోయించాడు. ముఖం చిట్లిస్తారన్న పెద్దమనుషులు వెనక వరసలో గొడుగులు వేసుకుని మెల్లగా వస్తున్నారు. బాషాకు మొదట్లో చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు, వెనక్కి కట్టుకున్నాడు, ముందుకు కట్టుకున్నాడు. పాత బస్టాండు దగ్గర షమా ఆయన చెయ్యి తీసుకుని పట్టుకుంది. తండ్రీ కూతుళ్లు ఏం మాట్లాడుకున్నారో బ్యాండు మోతలో నాకు వినపడలేదు. ఒక చోట మాత్రం ఇద్దరూ గట్టిగా నవ్వారు.

వంతెన దగ్గర మా ఆయన కారు నిలబెట్టుకుని ఉన్నాడు. ఇంజను స్టార్టు చేసే ఉంచాడు. ఆగి ఉన్నప్పుడు దానికి నెమ్మది లేదు, బండంతా కుదుపుతోంది. షమా, దావూద్ వెనక కూర్చున్నారు. అప్పటిదాకా నవ్విన పిల్ల తల్లి మెడ పట్టుకుని ఏడ్చింది. అబీదా బీ కిటికీలోంచి చేయి తియ్యదు. నాకూ కళ్లు నిండాయి. కాపురానికి వచ్చినప్పుడు ఏడవనిదాన్ని, ఎవరి కూతురికో ఏడ్చాను.

మా ఆయనకు చిన్నప్పటి నుంచీ వాళ్ల నాయన దగ్గర చూసిన అలవాటొకటి ఉంది. పెళ్లికూతురున్న కారును పసిపిల్లను ఎత్తుకున్నట్టు కదిలిస్తాడు. ఆ అలవాటుకొద్దీ, ఏడుస్తున్న తల్లిని చూసి, ఇంకా మెల్లగా క్లచ్ వదిలాడు. కారు దగ్గింది. ఊగింది. ఇక ఆగిపోబోతోంది.

బాషా ఒక్క అంగలో కిటికీ దగ్గరకు పోయి అబీదా బీ చేయి తీసేశాడు.

"ఏం చేస్తాండావప్పా! మెల్లగా తోలద్దు. బిర్న పో."  మళ్లీ అరిచాడు. "నిలబడిపోతాది శెట్టీ, నా మాట విను. బిర్న తీసుకోని పో నా బిడ్డను!"

మా ఆయన కాలు నొక్కాడు.

ఘాటులో నేను లోపల కూర్చుని విన్న మోతను ఆ రోజు బయట నిలబడి విన్నాను. కాలువ గట్టు వెంట దారి తిన్నగా ఉంటుంది. కారు తెల్లగా, చిన్నగా అయిపోతుంటే మోత మాత్రం నిండుగా, ఎక్కడా తడబడకుండా పోతోంది. బ్యాండువాళ్లు కూడా ఆపి చూస్తున్నారు. బాషా వంతెన గోడ పట్టుకుని నిలబడ్డాడు. "మూడో గేరు ఏసినాడు" అన్నాడు ఎవరితోనో. కాసేపాగి, "నాలుగు" అన్నాడు.

దుమ్ము అణిగింది. కారు కనిపించడం లేదు. జనం ఒక్కొక్కరే ఊరి వైపు తిరిగారు. అబీదా బీ కొంగుతో కళ్లు ఒత్తుకుని, మొగుడి దగ్గరకు వచ్చి, "పోయిరి గదా. ఇంటికి పోదాం పా" అంది.

"ఉండు. ఇంకా వినపడతాండాది" అన్నాడు బాషా.

నాకైతే అప్పటికే కాలువ నీళ్ల చప్పుడు తప్ప ఏమీ వినపడడం లేదు. ఆ మాట నేను ఆయనతో అనలేదు. అబీదా బీ కూడా అనలేదు. ఆయన చాలనుకునేదాకా ఇద్దరం పక్కనే నిలబడ్డాం.